ఫేర్‌వెల్ అయిపోయాక, ఇల్లు చేరేలోపు

ప్రశ్న: మాది కోస్తాలో ఓ పట్టణం. ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. రెండో సంవత్సరం పిల్లల ఫేర్‌వెల్ బాధ్యత ఏటా నా మీదే పడుతుంది. ఈ ఏడు 120 మంది ఉన్నారు. నిరుడు ఫంక్షన్ హాల్లో పార్టీ రాత్రి ఏడున్నరకు ముగిసింది. అటునుంచి అటే ఐదుగురు అబ్బాయిలు ఊరి బయట మామిడితోటకు వెళ్లి తాగారు. ఒకడు పడిపోయాడు. కాలేజీకి తెలిస్తే టీసీ చేతిలో పెడతారని మిగతా నలుగురూ ఎవరికీ చెప్పలేదు. మొహాన నీళ్లు కొట్టి, నోట్లో నిమ్మరసం పోసి, మూడు గంటలు అక్కడే కూర్చున్నారు. ఆఖరికి తోట కాపలాదారు చూసి 108కి ఫోన్ చేశాడు. పిల్లాడు బతికాడు. ఈసారి పార్టీయే వద్దంటోంది యాజమాన్యం. గేటు దగ్గర బ్రీత్ ఎనలైజర్ పెట్టాలనీ, మూత్రపరీక్షలు చేయించాలనీ కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. ఏం చేయమంటారు? ఇంకోమాట. నిరుడు పడిపోయిన అబ్బాయి తమ్ముడు ఈ ఏడు నా క్లాసులోనే ఉన్నాడు. వాణ్ని పార్టీకి రానివ్వొద్దని మా కరస్పాండెంట్ గారి పట్టుదల.
ఒక అధ్యాపకురాలు

సమాధానం:

మేడమ్, మీ ఉత్తరంలో అసలు సంగతంతా ఆ మూడు గంటల్లోనే ఉంది. పదిహేడేళ్ల పిల్లలు పార్టీ రోజున దొంగచాటుగా తాగడం మీ కాలేజీకే పట్టిన చీడేం కాదు. పడిపోయిన స్నేహితుణ్ని ఒళ్లో పెట్టుకుని, చేతిలో ఫోనుండి కూడా, టీసీకి భయపడి ఎవరికీ చెప్పకపోవడమే ప్రాణం మీదికి తెచ్చింది. అందుకని ఈసారి ప్రతి ఏర్పాటునూ రెండు ప్రశ్నలతో తూచండి. పార్టీ ముగిశాక ఇల్లు చేరేదాకా పిల్లల చేతిలో ఎంత ఖాళీ సమయం ఉంటుంది? ఏదైనా జరిగితే మొదటి ఫోన్ ఎన్ని నిమిషాల్లో వస్తుంది? సంచులు వెతకడం, గేటు దగ్గర కాపలా పెట్టడం లాంటివన్నీ ఆ తర్వాతే.

పార్టీ మాత్రం రద్దు చేయొద్దు. మీరు రద్దు చేస్తే ఆగేది కాలేజీ పార్టీ ఒక్కటే. పోగేసిన డబ్బు పిల్లల దగ్గరే ఉంటుంది, కొత్త చీరలూ కుర్తాలూ కుట్టించుకుని ఉంటారు, రెండేళ్ల స్నేహం ఎటూ పోదు. ఆ పార్టీ పెద్దవాళ్లెవరూ లేని తోటకో, అమ్మానాన్న పెళ్లికెళ్లి ఖాళీగా ఉన్న ఏ ఇంటికో మారుతుంది. అక్కడ భోజనం ఉండదు, ఆడపిల్లలకు తోడు ఉండదు, ఇంటికి పంపే బస్సూ ఉండదు. కాలేజీకి చెడ్డపేరు తప్పొచ్చునేమో, పిల్లలకు ప్రమాదం తప్పదు.

బ్రీత్ ఎనలైజర్ గురించి. అది పట్టేది మద్యాన్ని మాత్రమే. గంజాయి, నిద్రమాత్రలు, మత్తు కోసం పీల్చే వైట్‌నర్ దాని ముందు నుంచే దర్జాగా లోపలికి వెళ్లిపోతాయి. అప్పుడే మౌత్‌వాష్‌తో పుక్కిలించిన పిల్లాణ్ని దోషిగా చూపిస్తుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తే గానీ సరైన లెక్క రాదు. 120 మంది వరసలో నిలబడితే ఆ ఓపిక ఎవరికి ఉంటుంది? పైగా తాగేది పార్టీ తర్వాత కదా, ముందే ఊదించి లాభమేముంది? ఒక యంత్రం ఉంచుకోవచ్చు, ఎవరి మీదైనా గట్టి అనుమానం వస్తే వాణ్ని బండెక్కనివ్వకుండా ఆపడానికి.

మూత్రపరీక్ష అంతకన్నా గొడవ. గంజాయి ఆనవాళ్లు మూత్రంలో రోజుల తరబడి ఉంటాయి. రోజూ తాగేవాడికైతే వారాలు పడుతుంది. సంక్రాంతి సెలవుల్లో ఎప్పుడో ఒకసారి పీల్చినవాడు ఫిబ్రవరిలో దొరికే అవకాశం తక్కువే గానీ, పోయిన వారం పీల్చినవాణ్ని ఇవాళ మత్తులో ఉన్నట్టు చూపిస్తుంది. వైట్‌నర్, సొల్యూషన్ పీల్చినవాడు మామూలు కిట్‌కు చిక్కనే చిక్కడు. కొన్ని మామూలు మందులు కూడా తప్పుడు పాజిటివ్ ఇస్తాయి. ల్యాబ్‌లో ఖాయం చేసుకోకుండా ఆ కాగితం పట్టుకుని ఒక పిల్లాడి మీద ముద్ర వేస్తే, పరీక్షలకు నెల ముందు వాడి బతుకుతో ఆడుకున్నట్టే. ఆ డబ్బుతో రెండు బస్సులు మాట్లాడుకోండి.

మాట ఇవ్వడం

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ ఇద్దరూ సంతకం పెట్టిన ఒక కాగితం పిల్లలకూ తల్లిదండ్రులకూ వెళ్లాలి. భాష ఇంత సూటిగా ఉంటే చాలు:

"పార్టీ రోజు ఉదయం నుంచి మర్నాడు ఉదయం ఆరింటి వరకు, మీలో ఎవరికైనా ప్రమాదం అనిపించి మాకు గానీ 108కి గానీ ఫోన్ చేస్తే, ఫోన్ చేసినవాళ్లకూ, ఒంట్లో బాగా లేనివాళ్లకూ తాగినందుకు టీసీ ఇవ్వం. హాల్‌టికెట్ ఆపం. నలుగురిలో పేరు చదవం. ఇంట్లోవాళ్లకు మేమే దగ్గరుండి చెబుతాం."

కరస్పాండెంట్ గారు దీన్ని అలుసివ్వడం అనుకోవచ్చు. ఈ మాటకూ హద్దులున్నాయి. మత్తు పదార్థం తెచ్చి ఇతరులకు అమ్మినవాడికి, తాగి బండి నడిపినవాడికి, తోటివాళ్ల మీద చెయ్యి చేసుకున్నవాడికి ఇది వర్తించదని అదే కాగితంలో రాయండి. లైంగిక దాడి జరిగిందని తెలిస్తే దాచే వీలు ఎవరికీ లేదు. పోక్సో చట్టం ప్రకారం తెలిసిన పెద్దవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లలకు ఈ సంగతి ముందే తెలియాలి, లేకపోతే తర్వాత మాట తప్పారనుకుంటారు. హాల్‌టికెట్ బెదిరింపును మాత్రం పూర్తిగా మానేయండి. చాలా కాలేజీల్లో ఫీజు దగ్గర్నుంచి జుట్టు కత్తిరించుకోకపోవడం దాకా అన్నిటికీ ఆ హాల్‌టికెట్‌నే అడ్డం పెడతారు. నోరు నొక్కేయడానికి అంతకంటే మంచి ఆయుధం లేదు. నిరుడు మీ పిల్లల నోరు నొక్కింది కూడా అలాంటి భయమే.

కాగితం మీద రెండు ఫోన్ నంబర్లు వేయండి. ఒకటి మగ లెక్చరర్‌ది, ఒకటి ఆడ లెక్చరర్‌ది. తాగిన ఆడపిల్ల మగ సారుకు ఫోన్ చేయదు. చేస్తే రేపు తన గురించి ఏమనుకుంటారోనని ఆమె భయం అబ్బాయిల భయానికి రెట్టింపు ఉంటుంది. ఆ ఇద్దరూ ఆ రాత్రి పన్నెండు దాకా మెలకువగా ఉండాలి, ఉదయం ఆరింటి వరకు ఫోన్ సైలెంట్‌లో పెట్టకూడదు, పట్టణం దాటి వెళ్లకూడదు, బండో కారో అందుబాటులో ఉండాలి. ఫోన్ ఎత్తగానే "ఎవడ్రా తాగింది?" అని అడగొద్దు. "ఎక్కడున్నారు? ఊపిరి ఆడుతోందా? పిలిస్తే పలుకుతున్నాడా?" ఈ మూడే అడగాలి. ఇదే చోట ఒక చేదు మాట కూడా. పార్టీ అయ్యాక స్టాఫ్‌లో కొందరు విడిగా 'కూర్చోవడం' చాలాచోట్ల ఉన్నదే. ఈసారి ఆ రోజు వద్దు. పిల్లలకు తెలియదనుకోకండి, వాళ్లకు అన్నీ తెలుసు.

రోజు, వేళ, డబ్బు

శనివారం పెట్టొద్దు, మర్నాడు సెలవైతే రాత్రి సాగుతుంది. మంగళవారమో బుధవారమో పెట్టి, మర్నాడు ప్రాక్టికల్స్ రివిజనో స్లిప్ టెస్టో ఉంచండి. ఉదయం పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడున్నరకు ముగించండి. ఫంక్షన్ హాలు కంటే కాలేజీ ఆవరణే నయం, గేటు మీ చేతిలో ఉంటుంది. రాత్రి లైట్లు లేని పార్టీ ఏం పార్టీ అని పిల్లలు మూతి ముడుస్తారు. డీజే ఇవ్వండి, హాలు కిటికీలకు నల్లగుడ్డ కట్టి లైట్లు వేయండి, సర్దుకుంటారు. డీజే కుర్రాళ్లూ, క్యాటరింగ్ కుర్రాళ్లూ తమ సీసాలు తాము తెచ్చుకోవడం మామూలే. ఆవరణలో మద్యం కనిపిస్తే మిగతా డబ్బు ఇవ్వబోమని అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే రాయించుకోండి.

ముస్తాబు హడావుడిలో సగం మంది టిఫిన్ తినకుండా వస్తారు. పదింటికే ఇడ్లీ, ఉప్మా పెట్టండి. భోజనం పన్నెండుంబావుకు వడ్డించాలి, రెండున్నరకు కాదు. తాగాలని ముందే అనుకున్న పిల్లాడు ఎలాగూ తాగుతాడు గానీ, కడుపు నిండా తిన్నవాడి రక్తంలోకి మద్యం నెమ్మదిగా ఎక్కుతుంది. ఖాళీ కడుపుతో మొదలుపెట్టినవాడే ముందు పడిపోతాడు. మంచినీళ్లు మనిషికి రెండు లీటర్ల లెక్కన 240 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పన్నెండు. ఎండలు మొదలయ్యే రోజులు కాబట్టి పద్నాలుగు తెప్పించండి. నీళ్లు మీరు ఇచ్చినప్పుడే "బయటి సీసాలు లోపలికి రావు" అనే నియమం చెల్లుతుంది. వోడ్కా నీళ్లసీసాలోనూ, తెల్లటి కూల్‌డ్రింకులోనూ కలిసిపోతుంది, కంటికి తేడా తెలియదు. ఖాళీ స్టీలు బాటిల్ తెచ్చుకుని లోపల నింపుకోమనండి. సంచులు చూడటం వరకే, ఒళ్లు తడమడం వద్దు. ఆడపిల్లల సంచులు ఆడ స్టాఫే చూడాలి. ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రానివ్వబోమని ముందే చెప్పండి. కాపలా నిజంగా కావాల్సింది గేటు దగ్గరకంటే వెనక ప్రహరీ గోడ దగ్గరా, బాత్‌రూముల దగ్గరా, బళ్లు పెట్టే చోటా.

చాలామందికి తట్టని సందు ఒకటుంది, ఫొటోలు. పార్టీ ముగిశాక "ఫొటోషూట్" అంటూ బళ్ల మీద చెరువుగట్టుకో, బీచికో, కొండకో వెళ్తారు. ఇంట్లో అడిగినా ఆ మాటే చెబుతారు, అబద్ధం కూడా కాదు. మంచి ఫొటోగ్రాఫర్‌ని నాలుగింటి దాకా కాలేజీలోనే ఉంచండి. చెట్టుకింద ఒక చోటు, మెట్ల మీద ఒక చోటు అలంకరించండి. ఎనిమిదేసి మంది స్నేహబృందాలకు పది నిమిషాల చొప్పున వంతులు ఇవ్వండి. 120 మందికి పదిహేను బృందాలు, రెండున్నర గంటలు. ఒంటిగంటకే మొదలుపెడితే మూడున్నరకు పూర్తవుతుంది.

డబ్బు సంగతి చూడండి. మనిషికి ఆరు వందలు వేసుకుంటే 72,000 అవుతుంది. లీడర్ల జేబులో నగదుగా ఉన్న ఆ మొత్తంలో మిగిలే ఐదారు వేలే సాయంత్రం సీసాలవుతాయి. ఇద్దరు విద్యార్థులు, ఒక లెక్చరర్ కలిసి లెక్క రాయాలి. చెల్లింపులన్నీ ఫోన్‌పే లాంటి వాటితో నేరుగా దుకాణానికే వెళ్లాలి. మిగిలింది ఆ రోజు మూడింటికే తలా ఇంతని తిరిగి వేసేయాలి.

తర్వాత, బళ్లు. ఆ రోజు విద్యార్థులెవరూ బండి మీద రాకూడదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. ఆ పిల్లాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తల్లిదండ్రుల సమావేశంలో ఈ ఒక్క వాక్యం చదివితే చాలు, బండి తాళాలు ఇంట్లోనే ఉంటాయి. మూడున్నరకు బస్సులు ఎక్కించేటప్పుడు జాబితాలో పేరు పేరునా టిక్కు పెట్టండి. ఎవరు ఎక్కారు, ఎవరిని ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్లారు అన్నది రాయండి. ఐదింటికల్లా ఇల్లు చేరామని ప్రతి ఇంటి నుంచీ మెసేజ్ రావాలి. రానివాళ్ల ఇళ్లకు ఐదుంబావుకు ఫోన్ చేయాలి. నిరుడు ఇదొక్కటి ఉండుంటే తొమ్మిదిన్నర లోపే ఐదు పేర్లు బయటపడేవి.

సీసాలు ఎవరు తెచ్చిస్తారు? ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. బెల్టుషాపువాడు వయసు అడగడనుకోండి, అయినా ఎక్కువసార్లు తెచ్చిచ్చేది బయటివాడు కాదు, నిరుటి సీనియరో, బాబాయి కొడుకో. మైనరుకు మద్యం, మత్తుమందు, పొగాకు ఏది ఇచ్చినా జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. "తమ్ముళ్లకు ట్రీటిచ్చాను" అన్న మాట కోర్టులో చెల్లదు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ సెక్షన్ సంగతి పెట్టండి, పార్టీకి సీనియర్లకు పిలుపు ఇవ్వకండి.

ఒక పీరియడ్

పార్టీకి పది రోజుల ముందు నలభై నిమిషాలు చాలు. పోలీసు జాగిలాల ప్రదర్శనలు, మత్తుమందుల ప్యాకెట్లు చూపించడం, మానేసినవాళ్ల చేత కన్నీటి కథలు చెప్పించడం లాంటివి వద్దు. ఒక్కపూట భయపెట్టే ఉపన్యాసాలతో పిల్లల అలవాట్లు మారవు. భయం వారం ఉంటుంది, ఆసక్తి అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. మీరు కెమిస్ట్రీ చెబుతారు కదా, లెక్క చెప్పండి.

బోర్డు మీద ఇలా వేయండి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో ఆల్కహాలు 42.8 శాతం. గుణిస్తే 77 మిల్లీలీటర్లు. ఇథనాల్ సాంద్రత 0.789. అంటే 61 గ్రాములు. యాభై అయిదు కిలోల అబ్బాయి దీన్ని అరగంటలో దించేస్తే రక్తంలో 100 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు దాటుతుంది. బండి నడిపే పెద్దవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 30. అదే బరువున్న అమ్మాయికి ఇంకా ఎక్కువ ఎక్కుతుంది, ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి. కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి కరిగించలేదు. అంటే ఎనిమిది గంటల పని. కాఫీ, చన్నీళ్ల స్నానం, మజ్జిగ, నిమ్మకాయ ఏవీ ఆ వేగాన్ని పెంచలేవు.

"మేం బీరే కదా" అనేవాళ్లకు ఇంకో లెక్క. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో ఎనిమిది శాతం దాకా ఆల్కహాలు ఉంటుంది. అంటే 41 గ్రాములు, ముప్ఫై మిల్లీలీటర్ల పెగ్గులు నాలుగింటితో సమానం. రెండు సీసాలు తాగితే క్వార్టర్‌ను దాటేసినట్టే. ఎనర్జీ డ్రింకులో కలుపుకుంటే కెఫీన్ నిద్రమత్తును కప్పేస్తుంది, ఎక్కలేదనుకుని ఇంకా పోసుకుంటారు.

"క్లాసులో అందరూ తాగుతారు" అన్న నమ్మకాన్ని కూడా కదపాలి. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో మద్యం తాగేవాళ్లు 1.3 శాతం, గంజాయి 0.9 శాతం. అందులో పదేళ్ల పిల్లలూ ఉన్నారు కాబట్టి మీ పదిహేడేళ్లవాళ్లలో ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. అయినా "అందరూ" మాత్రం కాదు. తాగనివాడు తానొక్కడినే అనుకుంటాడు, పక్కవాడూ అలాగే అనుకుంటాడు. చిట్టీల మీద పేరు రాయకుండా "నేను తాగను" లేదా "తాగాను" అని రాయించి అక్కడికక్కడే లెక్కపెట్టి చూపించండి. ఫలితం ఎలా వచ్చినా మీ ఊహకంటే చిన్నదే వస్తుందని మా అంచనా.

ఆ సర్వేలో ఇంకో అంకె ఉంది, చాలామంది పట్టించుకోనిది. పీల్చే పదార్థాలు ఒక్కటే పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువ: పెద్దవాళ్లలో 0.58 శాతం, పిల్లల్లో 1.17. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్, థిన్నర్ లాంటివన్నమాట. చవక, బడి పక్కనే దొరుకుతాయి, వాసన తప్ప సాక్ష్యం ఉండదు.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. వైట్‌నర్ గుడ్డ మొహానికి పెట్టుకున్న పిల్లాణ్ని చూసి "ఒరేయ్" అని అరిచి వెంటపడకండి. ఆ ఆవిర్లు ఎక్కిన గుండె ఒక్కసారిగా పొంగే అడ్రినలిన్‌ను తట్టుకోలేదు. పరుగులోనే లయ తప్పి ఆగిపోవచ్చు. నెమ్మదిగా దగ్గరికి వెళ్లి, గుడ్డ తీసుకుని, గాలి ఆడేచోట కూర్చోబెట్టండి.

గంజాయి చాక్లెట్లు ఇటీవల మన దగ్గర చాలా పట్టుబడుతున్నాయి. పీల్చిన గంజాయి నిమిషాల్లో తెలుస్తుంది. తిన్నది తెలియడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. పిల్లలు చేసే తప్పు ఒకటే. "ఏం కాలేదు" అని రెండోది తింటారు, తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. గుండె దడ, చచ్చిపోతున్నానన్న భయం, వాంతులు వస్తాయి. చీకటి లేని, చప్పుడు లేని గదిలో పక్కన కూర్చుని మాట్లాడుతుంటే ఎక్కువమంది కుదుటపడతారు. ఛాతీలో నొప్పి, ఫిట్స్, స్పృహ తప్పడం ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మాత్రలే అన్నిటికంటే మోసం. బామ్మ నిద్రకోసం వేసుకునే ఆల్ప్రాజోలం, వెన్నునొప్పికిచ్చిన ట్రమడాల్, టాపెంటడాల్, దగ్గు సిరప్ ఇవన్నీ ఇంటి అలమారలోనే ఉంటాయి. విడిగా వేసుకుంటే మగత. మద్యంతో కలిస్తే రెండూ ఒకే పని చేస్తాయి, ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. తెలంగాణ పాఠకులు దీనికి ఇంకోటి కలుపుకోవాలి. కల్తీ కల్లులో కలిపేది కూడా చాలావరకు ఆల్ప్రాజోలమే. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. పల్లెలో పుట్టి పెరిగిన పిల్లలు "కల్లేగా" అనుకుంటారు, దాని మీద క్వార్టర్ పోస్తారు. ఇక ఈ-సిగరెట్లు 2019 నుంచి దేశమంతటా నిషేధం, కనిపిస్తే తీసేసుకోండి.

పడిపోతే

ఇది పిల్లలకు చేసి చూపించాలి, చెప్పి ఊరుకుంటే లాభం లేదు. భుజం తట్టి గట్టిగా పేరు పెట్టి పిలవాలి. కళ్లు తెరవకపోతే, మాట కలవకపోతే 108. "కాసేపు పడుకోనిస్తే దిగిపోతుంది" అన్న మాటే నిరుడు మీ పిల్లలు నమ్మింది. చివరి గుక్క తాగాక కూడా అరగంట, గంట దాకా పొట్టలో మిగిలింది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పడుకున్నవాడు ఇంకా లోతుకు దిగుతాడు.

ఫోన్ చేస్తూనే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పై కాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు పెడితే బోర్లా పడిపోడు. పై చెయ్యి మడిచి చెంప కింద పెట్టాలి. తల కొంచెం వెనక్కి వంచి, నోరు నేలవైపు ఉండేలా చూడాలి. వాంతి వస్తే బయటికే పోతుంది. వెల్లకిలా పడుకున్నవాడికి ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్పృహ లేనివాడికి దగ్గే శక్తి కూడా ఉండదు కాబట్టి ప్రాణాలు అలా కూడా పోతాయి. నిమ్మరసం, మజ్జిగ, ఉప్పునీళ్లు ఏదీ నోట్లో పోయకూడదు. వేలు పెట్టి కక్కించకూడదు. నెత్తిన నీళ్లు కుమ్మరించకూడదు, మద్యం ఒళ్లు అసలే చల్లబరుస్తుంది. దుప్పటో చున్నీయో కప్పాలి.

ఒకరు ఊపిరి లెక్కపెట్టాలి. నిమిషానికి ఎనిమిదికి తగ్గినా, ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా, పెదాలూ గోళ్లూ నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా 108 వాళ్లకు మళ్లీ ఫోన్ చేసి ఆ మాటే చెప్పాలి. ఊపిరి పూర్తిగా ఆగితే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. మీ పీడీ గారి చేత బొమ్మ మీదో దిండు మీదో ముందే సాధన చేయించండి. ఏం తాగాడో, ఏ మాత్ర వేసుకున్నాడో, ఆ సీసా, ఆ షీటు అంబులెన్సులో వెంట పంపాలి. డాక్టరు దగ్గర "ఏమీ తాగలేదు సార్" అంటే వైద్యం తప్పుదారి పడుతుంది. తిండి తినకుండా తాగిన పిల్లల్లో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుందని డాక్టర్లకు తెలుసు, మొదట అదే చూస్తారు. వాణ్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. ఎవరూ వీడియో తీయొద్దు.

తోటల్లో, చెరువుగట్ల మీద అడ్రసు చెప్పలేక పది నిమిషాలు పోతాయి. దగ్గర్లోని గుడి, పెట్రోలు బంకు, కరెంటు సబ్‌స్టేషన్ పేరు చెప్పి, ఒకణ్ని ఫోన్ టార్చి వేసి మెయిన్‌రోడ్డు మీద నిలబెట్టమనండి.

ఇంటివాళ్లకు

"బయట తాగేకంటే ఇంట్లో మా ముందే ఒక గ్లాసు" అనే నాన్నలు మీ సమావేశానికి తప్పకుండా వస్తారు. ఆస్ట్రేలియాలో 1,927 మంది పిల్లల్ని ఆరేళ్లు గమనించిన పరిశోధనలో, తల్లిదండ్రులే మద్యం ఇవ్వడం వల్ల పిల్లలకు ఏ రక్షణా కనిపించలేదు. తాగుడు ముదరడానికే అది దారి వేసింది. ఇంట్లో సీసాలుంటే ఆ వారం తాళం వేయమనండి, బామ్మ మాత్రలకు కూడా.

ప్రతి ఇంట్లోనూ ఒక గుర్తు మాట అనుకోవాలి. పిల్లాడు ఇరుక్కున్న చోటునుంచి అమ్మకు ఆ మాట మెసేజ్ చేస్తాడు. అమ్మ వెంటనే ఫోన్ చేసి, పక్కవాళ్లకు వినపడేలా "అమ్మమ్మ వచ్చింది, ఇప్పుడే బయల్దేరు" అంటుంది. స్నేహితుల ముందు తలవంపు లేకుండా బయటపడతాడు. ఆ రాత్రి ప్రశ్నలు వేయకూడదు, పొద్దున్నే మాట్లాడుకోవాలి. "వద్దు" అనమని పిల్లలకు చెప్పడం తేలిక. పదిమంది మధ్య ఆ మాట అనడం ఎంత కష్టమో పెళ్లిళ్లలో ఒక పెగ్గు వద్దన్న పెద్దవాళ్లకే తెలుసు.

తర్వాత ఎవరైనా దొరికితే, ఒకసారి రుచి చూసినవాణ్నీ అలవాటు పడినవాణ్నీ ఒకే గాటన కట్టకండి. విడిగా కూర్చోబెట్టి ఆరు విషయాలు అడగండి. తాగినవాళ్లు నడిపే బండి ఎక్కాడా? మనసు తేలికపడటానికో, నలుగురిలో కలవడానికో వాడుతున్నాడా? ఒంటరిగా వాడుతున్నాడా? ఆ సమయంలో చేసినవి మర్చిపోతున్నాడా? తగ్గించమని ఇంట్లోవాళ్లో స్నేహితులో చెప్పారా? దానివల్ల చిక్కుల్లో పడ్డాడా? రెండింటికి అవునంటే జిల్లా ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి పంపండి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగాలేకపోతే టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకు అమ్మేవాడి గురించి చెప్పడానికి ఆంధ్రలో 1972, తెలంగాణలో 1908. ఈ చివరి రెండూ అమ్మేవాడి కోసం, వాడిన పిల్లాణ్ని పట్టివ్వడానికి కాదు.

ఆ తమ్ముడి విషయం. వాణ్ని రానివ్వండి. అన్న చేసినదానికి తమ్ముణ్ని గేటు బయట నిలబెడితే మీరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితాన్ని 120 మందిలో ఒక్కరూ నమ్మరు. వాడికి ప్రత్యేకంగా కాపలా పెట్టొద్దు, వేదిక మీద అన్న ఉదంతం ఎత్తొద్దు. పార్టీకి వారం ముందు మీరొక్కరే పిలిచి, అన్నకు ఎలా ఉందో అడగండి. ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో మీ క్లాసులో అందరికంటే బాగా తెలిసినవాడు వాడే. పీడీ గారు పక్కకు తిప్పి పడుకోబెట్టడం నేర్పేటప్పుడు సాయం చేస్తాడేమో అడిగి చూడండి. ఇష్టం లేదంటే బలవంతం చేయకండి, ఫొటోల వంతుల జాబితా రాసే పని ఇవ్వండి.